తల్లి పీల్చే గాలి, బిడ్డ గుండె: ఒకటిగా కనిపించే మూడు ప్రశ్నలు

గర్భిణి కలుషితమైన గాలి పీలిస్తే కడుపులో బిడ్డ గుండెకు ఏమైనా అవుతుందా? ఈ ప్రశ్న అడిగే ఒకరి మనసులో బిడ్డ గుండెలో రంధ్రంతో పుడుతుందేమోనన్న భయం ఉంటుంది. ఇంకొకరు చిన్నప్పుడే బీపీ వస్తుందేమోనని అడుగుతారు. మరొకరికి కావలసింది ఆ బిడ్డ పెద్దయ్యాక గుండెపోటు ముప్పు పెరుగుతుందా అన్నది. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. గర్భంలో కీలకమైన సమయం ఒక్కోదానికి ఒక్కోటి. శరీరంలో జరిగే మార్పు వేరు, ఇప్పటిదాకా దొరికిన ఆధారాల బలం కూడా వేరు. వార్తల్లో మాత్రం అన్నిటినీ కలిపేసి "కాలుష్యంతో పసి గుండెకు ముప్పు" అని ఒకే శీర్షిక కింద పెడుతుంటారు. అది చదివిన గర్భిణికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తన పరిస్థితికి వర్తించేది ఏదో, ఎంతో ఆమెకు తెలియదు. అందుకే వీటిని విడివిడిగా చూడడం అవసరం.

గాలిలో ఏముంది, బిడ్డ దాకా ఏం చేరుతుంది

గాలి కాలుష్యంలో ఒకటి కాదు, చాలా పదార్థాలు కలిసి ఉంటాయి. వాహనాల పొగ, బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాలు, కట్టెల పొయ్యి, అడవుల్లో చెలరేగే మంటలు, రోడ్డు దుమ్ము అన్నీ కలిసిన మిశ్రమం అది. గుండె విషయంలో ఎక్కువ పరిశోధన జరిగింది పీఎం 2.5 అనే సూక్ష్మ కణాల మీద. వీటి వెడల్పు 2.5 మైక్రోమీటర్లు లేదా అంతకంటే తక్కువ. మనిషి వెంట్రుక 50 నుంచి 70 మైక్రోమీటర్ల మందం ఉంటుంది. అంత చిన్నవి కాబట్టే ముక్కు, గొంతు వీటిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళతాయి. వీటిలో మరీ చిన్నవి అక్కడి నుంచి రక్తంలో కలుస్తాయి. వీటికి తోడు నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, ఓజోన్ లాంటి వాయువులు ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో పీఎం 2.5కి ఏడాది సగటు పరిమితిగా క్యూబిక్ మీటరుకు 10 మైక్రోగ్రాములు సూచించింది. 2021లో దాన్ని సగానికి, అంటే 5కి తగ్గించింది. తక్కువ కాలుష్యం ఉన్నచోట కూడా ఆరోగ్యం దెబ్బతింటోందని అప్పటికి చాలా అధ్యయనాలు చెప్పడమే ఇందుకు కారణం. ఆ సంస్థ లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో 99 శాతం మంది తన పరిమితులు దాటిన గాలినే పీలుస్తున్నారు. అంటే మనం మాట్లాడుకుంటున్నది ఏదో కొద్దిమంది గర్భిణుల గురించి కాదు. పైగా గర్భంతో ఉన్నప్పుడు స్త్రీ నిమిషానికి పీల్చే గాలి 30 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. అదే వీధిలో, అదే ఇంట్లో ఉన్నా ఆమె లోపలికి వెళ్ళే కాలుష్యం మునుపటికంటే ఎక్కువ.

మరి అది బిడ్డ దాకా చేరుతుందా? తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో మాయ ఉంటుంది. చాలాకాలం దాన్ని మంచి అడ్డుగోడ అనుకున్నారు. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ యూనివర్సిటీ పరిశోధకులు కాన్పు తర్వాత సేకరించిన మాయలను పరీక్షించారు. బిడ్డ వైపు ఉండే భాగంలో కూడా నల్లటి మసి కణాలు కనిపించాయి. గర్భంతో ఉండగా తల్లి నివసించిన చోట మసి ఎంత ఎక్కువగా ఉంటే మాయలో కణాలు అంత ఎక్కువగా ఉన్నాయి. 2022లో అదే బృందం స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పరిశోధకులతో కలిసి ఇంకో అడుగు ముందుకు వేసింది. మొదటి మూడు నెలల్లోనే పిండం కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో ఆ కణాలు ఉన్నట్టు చూపించింది.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి. కణం కనిపించింది అంటే హాని జరిగింది అని కాదు. ఆ అధ్యయనం కణాల ఉనికిని రుజువు చేసింది, వాటి వల్ల జబ్బు వచ్చిందని చెప్పలేదు. చెప్పిన మూడు అవయవాల్లో గుండె కూడా లేదు. అయితే హాని చేయడానికి కణం బిడ్డ గుండె దాకా వెళ్ళాల్సిన పని లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తల్లి ఊపిరితిత్తుల్లో చేరిన కణాలు అక్కడ వాపును రేపుతాయి. దాని రసాయన సంకేతాలు రక్తంలోకి వస్తాయి. రక్తనాళాల లోపలి పొర సరిగ్గా పనిచేయదు, మాయకు వెళ్ళే రక్తప్రవాహం తగ్గవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ దారి మరోటి. అది ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా బలంగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, మాయను దాటుతుంది. తల్లి రక్తంలో కంటే బిడ్డ రక్తంలో కాస్త ఎక్కువగా పేరుకుని, ఆలస్యంగా వదులుతుంది. కణాలకూ వాయువులకూ దారులు వేరైనా, రెండింటి వల్లా బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్‌లో, పోషణలో కోత పడుతుంది.

మొదటి ప్రశ్న: గుండె నిర్మాణంలో లోపాలు

పిండంలో అన్నిటికంటే ముందు పని మొదలుపెట్టే అవయవం గుండె. గర్భం దాల్చిన 22 రోజుల ప్రాంతంలోనే కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి అది సన్నటి గొట్టం మాత్రమే. తర్వాతి ఐదు వారాల్లో ఆ గొట్టం మెలికపడి, లోపల గోడలు లేచి, నాలుగు గదులుగా విడిపోతుంది. బయటకు వెళ్ళే ఒకే పెద్ద నాళం రెండుగా చీలి, ఒంటికి రక్తం తీసుకెళ్ళే బృహద్ధమని, ఊపిరితిత్తులకు తీసుకెళ్ళే పుపుస ధమని ఏర్పడతాయి. ఇదంతా ఎనిమిదో వారం ముగిసేసరికి దాదాపు పూర్తయిపోతుంది. నెల తప్పిందని తెలిసి, టెస్ట్ చేసుకుని, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేలోపే ఇందులో పెద్ద భాగం జరిగిపోతుంది. గుండె నిర్మాణ లోపాల గురించి మాట్లాడేటప్పుడు లెక్కలోకి వచ్చేది ప్రధానంగా ఈ కొద్ది వారాలే. ఏడో నెలలో పీల్చిన పొగ వల్ల గుండెలో రంధ్రం రాదు. అప్పటికి గోడలు కట్టడం అయిపోయింది.

పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8, 9 మందిలో ఉంటాయి. వీటిలో తమంతట తామే మూసుకుపోయే చిన్న రంధ్రాలూ ఉన్నాయి, వెంటనే ఆపరేషన్ చేయాల్సినవీ ఉన్నాయి. కాలుష్యంతో వీటికి సంబంధం ఉందన్న చర్చను ముందుకు తెచ్చిన అధ్యయనాల్లో ముఖ్యమైనది 2002లో దక్షిణ కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 1987 నుంచి 1993 వరకు పుట్టిన పిల్లల వివరాలను ఆ ప్రాంతపు గాలి కొలతలతో పోల్చి చూశారు. రెండో నెలలో కార్బన్ మోనాక్సైడ్‌కు ఎక్కువగా గురైన తల్లుల పిల్లల్లో గుండె కింది గదుల మధ్య రంధ్రం ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు కనిపించింది. మిగతా నెలల్లో అలా కనిపించలేదు. గుండె తయారయ్యే నెలతోనే సంబంధం కనిపించడం వల్ల ఆ ఫలితాన్ని అందరూ పట్టించుకున్నారు.

కానీ తర్వాత అంత స్పష్టత మిగల్లేదు. మూడేళ్ళ తర్వాత టెక్సస్‌లో చూస్తే కార్బన్ మోనాక్సైడ్‌కు సంబంధం మరో లోపంతో, అంటే గుండెలో నాలుగు తేడాలు కలిసి వచ్చే ఫాలో టెట్రాలజీతో కనిపించింది. కాస్త పెద్ద ధూళి కణాలకు సంబంధం పై గదుల మధ్య రంధ్రంతో కనిపించింది. అధ్యయనం మారిన ప్రతిసారీ కాలుష్య పదార్థం, లోపం జంట మారిపోతూ వచ్చింది. 2011లో అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ కలిపి లెక్కించినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌లకు బృహద్ధమని ఒకచోట ఇరుకైపోయే లోపంతోనూ, ఫాలో టెట్రాలజీతోనూ సంబంధం నిలిచింది. పెరుగుదల మాత్రం 20 శాతానికి మించలేదు. మిగిలిన జంటల్లో చాలావాటికి ఆధారం సరిపోలేదు.

ఎందుకింత గందరగోళం? "గుండె లోపం" అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి పుట్టుకలో ఒకదానితో ఒకటి సంబంధం లేని పదుల రకాలు. ఒక్కో రకం అరుదు. దాన్ని పట్టుకోవాలంటే లక్షల కాన్పుల వివరాలు కావాలి. ఇంకో చిక్కు పెద్దగా ఎవరూ ప్రస్తావించనిది. తీవ్రమైన లోపం ఉన్న పిండాల్లో కొన్ని నిలవవు. కాలుష్యం వల్ల అలాంటి గర్భాలే ఎక్కువగా పోతుంటే, పుట్టిన పిల్లలను మాత్రమే లెక్కపెట్టే అధ్యయనంలో సంబంధం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, ఒక్కోసారి తలకిందులుగా కూడా కనిపిస్తుంది. ఈ చిక్కులను దాటడానికి చైనాలో 14 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించిన పెద్ద అధ్యయనం ఒకటి 2023లో వచ్చింది. అందులో పీఎం 2.5కి, గుండె లోపాలకు సంబంధం కనిపించింది. గర్భం దాల్చడానికి ముందు నెలల్లోని గాలితో కూడా సంబంధం ఉంది. పెరుగుదల మాత్రం కొద్ది శాతమే.

ఆ కొద్ది శాతం అంటే ఎంతో లెక్క వేసి చూపించకపోతే భయం తగ్గదు. ఫాలో టెట్రాలజీ పదివేల మందిలో సుమారు నలుగురికి ఉంటుందనుకుందాం. 20 శాతం పెరిగితే ఆ సంఖ్య 4.8 అవుతుంది. పదివేలలో ఐదుగురు కూడా కారు. ఒక తల్లి వైపు నుంచి చూస్తే ఇది చాలా చిన్న మార్పు. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే అలా ఉండదు. ప్రపంచంలో ఏటా దాదాపు 13 కోట్ల మంది పుడతారు. వెయ్యికి 8 చొప్పున లెక్కేసినా 10 లక్షలకు పైగా పిల్లలు గుండె లోపంతో పుడుతున్నారు. అందులో 2 శాతమే కాలుష్యం వల్ల అనుకున్నా ఏటా 20 వేల కుటుంబాలు. రెండు లెక్కలూ నిజమే. మొదటిది గర్భిణికి చెప్పాలి, రెండోది గాలిని శుభ్రం చేయాల్సిన వాళ్ళకు చెప్పాలి. తరచుగా జరుగుతున్నది దీనికి తలకిందులుగా, అదే నన్ను బాధిస్తుంది.

రెండో ప్రశ్న: పిల్లల్లో బీపీ

గుండె చక్కగా తయారైన బిడ్డకు కూడా మిగిలిన నెలల్లో జరగాల్సిన పని చాలా ఉంది. గుండె కండరం మందం పెరగాలి, రక్తనాళాల గోడలకు సాగే గుణం రావాలి, మూత్రపిండాలు పూర్తవ్వాలి. బీపీని జీవితాంతం అదుపులో పెట్టే ఏర్పాటు ఇక్కడే తయారవుతుంది. అందుకే ఈ ప్రశ్నలో కీలకమైన సమయం చివరి మూడు నెలలు.

2018లో అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనం ఈ విషయంలో ఎక్కువగా వినిపిస్తుంది. 1,293 మంది తల్లులను, వాళ్ళ పిల్లలను అనుసరించి, పిల్లలకు 3 నుంచి 9 ఏళ్ళ మధ్య బీపీ చూశారు. చివరి మూడు నెలల్లో పీఎం 2.5కి ఎక్కువగా గురైన వర్గంలోని పిల్లలకు పై బీపీ ఎక్కువగా ఉండే అవకాశం, తక్కువగా గురైన వర్గంతో పోలిస్తే 61 శాతం ఎక్కువ. ఇందులో నన్ను ఆపేసింది 61 అన్న సంఖ్య కాదు. "ఎక్కువ కాలుష్యం" అని వాళ్ళు పెట్టిన గీత 11.8 మైక్రోగ్రాముల దగ్గర ఉంది. ఆ రోజుల్లో అమెరికా చట్టం ఏడాది సగటుగా 12 వరకు అనుమతించింది. అంటే చట్టం ప్రకారం బాగున్నట్టు లెక్కలోకి వచ్చే గాలిలోనే ఈ తేడా కనిపించింది. ఆ దేశం 2024లో ఆ పరిమితిని 9కి తగ్గించింది. ఆ గీతకు ఎన్నో రెట్ల ఎత్తున కాలుష్యం ఉన్న నగరాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటి గురించి బోస్టన్ అధ్యయనం నేరుగా ఏమీ చెప్పదు, కానీ అక్కడి గర్భిణులకు ఫరవాలేదని మాత్రం ఎవరూ అనలేరు.

బోస్టన్‌లోనే అంతకు ముందు, 2015లో, అప్పుడే పుట్టిన 1,131 మంది శిశువుల బీపీ కొలిచారు. చివరి నెలల్లో పీఎం 2.5, మసి ఎక్కువగా ఉన్నచోట తల్లి ఉండి ఉంటే శిశువు పై బీపీ కాస్త ఎక్కువగా ఉంది. ఓజోన్ విషయంలో ఫలితం రివర్స్‌లో వచ్చింది, బీపీ తక్కువగా ఉంది. ఇలాంటి ఎదురు ఫలితాలను దాచకుండా చెప్పాలి. యూరప్‌లో చేసిన కొన్ని అధ్యయనాల్లో కణాలకు, పిల్లల బీపీకి సంబంధం బలహీనంగా ఉంది, కొన్నిటిలో అసలు కనిపించలేదు. మొత్తం మీద చూస్తే చివరి నెలల పీఎం 2.5కి, బాల్యంలో బీపీకి సంబంధం ఉందనే వైపే తూకం మొగ్గుతోంది. బిడ్డకు బిడ్డకు తేడా మాత్రం బీపీ మిషన్‌లో ఒకటి రెండు పాయింట్ల స్థాయిలోనే ఉంటుంది. జబ్బు అనిపించుకునేంత బీపీ ఉండే పిల్లలు ఎప్పుడూ తక్కువే.

అంత చిన్న తేడా గురించి ఎందుకు పట్టించుకోవాలి? చిన్నప్పుడు తోటివాళ్ళకంటే బీపీ ఎక్కువగా ఉన్న పిల్లలకు పెద్దయ్యాక కూడా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఇది చాలా దేశాల్లో తేలిన విషయం. ఏళ్ళ తరబడి కొద్దిపాటి అదనపు ఒత్తిడి రక్తనాళాల గోడల మీద తన పని తాను చేసుకుంటూ పోతుంది.

గర్భంతో ఉండగా తల్లి పీల్చిన గాలికి, ఆరేళ్ళ పిల్లవాడి బీపీకి మధ్య లంకె ఎలా పడుతుంది? దీనికి శాస్త్రవేత్తలు చెప్పే వివరణల్లో నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించేది మూత్రపిండాలది. రక్తాన్ని వడపోసే సూక్ష్మ యూనిట్లు, నెఫ్రాన్లు, గర్భంలోనే తయారవుతాయి. సగానికి పైగా చివరి మూడు నెలల్లో ఏర్పడతాయి. సుమారు 36వ వారంతో ఆ పని ఆగిపోతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తర్వాత ఒక్కటి కూడా కొత్తగా రాదు. మాయ ద్వారా పోషణ తగ్గితే నెఫ్రాన్ల సంఖ్య తగ్గుతుంది. తక్కువ నెఫ్రాన్లతో అంతే ఉప్పును, నీటిని బయటకు పంపాలంటే శరీరం బీపీని కాస్త పైన పెట్టుకుంటుంది. ఈ ప్రతిపాదన 1988 నుంచి ఉంది. గుండె వైపు నుంచి కూడా ఇలాంటి వివరణే ఉంది. కడుపులో బిడ్డ గుండె మాయ దాకా రక్తం పంపాలి. మాయలో రక్తనాళాలు ఇరుకైతే, సన్నటి పైపులోకి నీళ్ళు తోయాల్సిన మోటారులా గుండె మీద భారం పడుతుంది. ఆ భారానికి తగ్గట్టు కండరం మారుతుంది. గుండె కండర కణాలు పుట్టిన కొద్దికాలానికే విభజన దాదాపు ఆపేస్తాయి కాబట్టి గర్భంలో ఏర్పడిన సంఖ్యే చాలావరకు ఆస్తి. మూడో వివరణ జన్యువుల పనితీరును ఎక్కువ తక్కువ చేసే రసాయన గుర్తుల గురించి. మాయలో, బొడ్డుతాడు రక్తంలో కాలుష్యాన్ని బట్టి ఆ గుర్తులు మారుతున్నట్టు కనిపిస్తోంది. అవి బీపీ దాకా దారి తీస్తున్నాయా అన్నది ఇంకా తేలాలి.

మూడో ప్రశ్న: పెద్దయ్యాక గుండె జబ్బులు

ఇక్కడ నేరుగా రుజువు ఎవరి దగ్గరా లేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. అమెరికాలో పీఎం 2.5ని దేశమంతటా క్రమంగా కొలవడం మొదలైందే 1999 ప్రాంతంలో. అప్పుడు కడుపులో ఉన్నవాళ్ళకు ఇప్పుడు ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్ళు. గుండెపోట్లు వచ్చే వయసు వాళ్ళకు ఇంకా రాలేదు.

నేరుగా దారి లేనప్పుడు పరిశోధకులు రెండు మెట్లను కలుపుతారు. ఒక మెట్టు: కాలుష్యం వల్ల బరువు తక్కువగా, నెలలు నిండకముందే పుట్టే పిల్లలు పెరుగుతారు. దీనికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. 2021లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 59 లక్షల మంది నెలలు నిండకుండా, 28 లక్షల మంది తక్కువ బరువుతో పుట్టడానికి ఇంటి బయట, ఇంటి లోపల పీఎం 2.5తో సంబంధం ఉంది. రెండో మెట్టు: అలా పుట్టినవాళ్ళకు పెద్దయ్యాక గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షర్‌లో పుట్టిన మగవాళ్ళ పాత రికార్డులు తిరగేసి డేవిడ్ బార్కర్ బృందం 1989లో ఈ మాట చెప్పింది. పుట్టినప్పుడు, ఏడాది వయసులో బరువు తక్కువగా ఉన్నవాళ్ళలో గుండె జబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయని చూపింది. మొదట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత ఎన్నో దేశాల్లో అదే ధోరణి కనిపించింది. నెలలు నిండకుండా పుట్టిన యువకుల గుండె ఎడమ కింది గది ఆకారంలో, పనితీరులో తేడాలున్నట్టు స్కాన్లలో కూడా కనిపించింది.

రెండు మెట్లూ గట్టివే కాబట్టి మొత్తం మెట్ల వరస కూడా గట్టిదేనా? అంత ధీమాగా చెప్పలేం. బరువు తక్కువగా పుట్టడానికి పోషకాహార లోపం, తల్లి బీపీ, ఇన్ఫెక్షన్లు, పొగాకు ఇలా చాలా కారణాలుంటాయి. కాలుష్యం వల్ల తగ్గిన బరువు, మిగతా కారణాల వల్ల తగ్గిన బరువు గుండె మీద ఒకేలా పనిచేస్తాయని అనుకోవడం ఊహ. సమంజసమైన ఊహే, అయినా ఊహే.

కాలుష్యమే కారణమని ఎలా చెప్పగలం

ఇదంతా చదివిన పాఠకుడికి రావాల్సిన అనుమానం ఒకటుంది. కాలుష్యం ఎక్కువగా ఉన్నచోట ఉండేది ఎవరు? చాలాచోట్ల పేదవాళ్ళు. రద్దీ రోడ్ల పక్కన పొగతో పాటు శబ్దం ఉంటుంది, నిద్ర సరిగా ఉండదు, వేడి ఎక్కువ. బిడ్డ బీపీ పెరగడానికి వీటిలో ఏది కారణం? పైగా చాలా అధ్యయనాల్లో గర్భిణి నిజంగా పీల్చింది ఎవరూ కొలవరు. ఇంటి అడ్రసు తీసుకుని, దగ్గర్లోని కొలత కేంద్రాల లెక్కలు, శాటిలైట్ చిత్రాలు, రోడ్ల దూరం కలిపి అంచనా వేస్తారు. ఆమె పగలంతా ఎక్కడ పనిచేసింది, ఇంట్లో పొయ్యి ఏమిటి అన్నవి చాలాసార్లు అందులోకి రావు.

ఈ ఇబ్బందిని దాటే మార్గాల్లో ఒకటి, గాలి హఠాత్తుగా మారిన సందర్భాలను వెతకడం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కోసం కొన్ని వారాలపాటు ఫ్యాక్టరీలు, వాహనాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ వారాల్లో ఎనిమిదో నెలలో ఉన్న తల్లుల పిల్లలు, ముందు ఏడాది, తర్వాత ఏడాది అదే రోజుల్లో ఆ నెలలో ఉన్న తల్లుల పిల్లలకంటే సగటున 23 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో టోల్ గేట్ల దగ్గర వాహనాలు ఆగకుండా వెళ్ళే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చాక, 2 కిలోమీటర్ల లోపు ఉన్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు 10 శాతానికి పైగా తగ్గాయి. టోల్ గేటు దగ్గర క్యూ తగ్గినంత మాత్రాన అక్కడి తల్లుల ఆదాయం గానీ, తిండి గానీ మారలేదు కదా. కారణం గాలేనని చెప్పడానికి ఇలాంటి ఆధారాలే నాకు బలంగా అనిపిస్తాయి. అయితే ఇవి చెప్పేది కాన్పు గురించి, బరువు గురించి. పిల్లల గుండెను ఇలా కొలిచిన అవకాశాలు తక్కువ.

మరో మార్గం, కొందరికి శుభ్రమైన గాలి ఇచ్చి చూడడం. మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్‌లో 540 మంది గర్భిణుల్లో సగం మందికి ఎయిర్ ప్యూరిఫయర్లు ఇచ్చారు. ఇంట్లో పీఎం 2.5 సుమారు 29 శాతం తగ్గింది. నెలలు నిండి పుట్టిన పిల్లల బరువు సగటున 85 గ్రాములు పెరిగింది. దీనికి భిన్నంగా, తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో జరిగిన పెద్ద ప్రయోగం అందరినీ ఆశ్చర్యపరిచింది. సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. వాళ్ళు పీల్చే పీఎం 2.5 సుమారు 70 నుంచి 24 మైక్రోగ్రాములకు పడిపోయింది. పిల్లల బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో ఈ ఫలితం వచ్చాక చాలా చర్చ జరిగింది. పొయ్యి మారేసరికి చాలామందికి మూడో నెల దాటిపోయిందని, 24 కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికంటే దాదాపు అయిదు రెట్లని కొందరు గుర్తుచేశారు. ఆ వివరణలు సరైనవే కావచ్చు. అంత జాగ్రత్తగా చేసిన ప్రయోగంలో వచ్చిన ఫలితాన్ని పక్కన పెట్టేయడం మాత్రం సరికాదు.

గర్భిణికి, డాక్టరుకు పనికొచ్చేవి

ముందు ముప్పుల వరస తెలియాలి. గర్భానికి ముందు నుంచి ఉన్న షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ గుండెలో లోపం వచ్చే అవకాశం కొన్ని రెట్లు పెరుగుతుంది. గర్భం మొదట్లో రుబెల్లా సోకినా, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు తీసుకున్నా ముప్పు ఎక్కువే. గాలి కాలుష్యం వల్ల ఒక్కో బిడ్డకు పెరిగే ముప్పు వీటి ముందు చిన్నది. పిల్లలు కావాలనుకున్నప్పుడే షుగర్ చూపించుకోవడం, వాడుతున్న మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడడం, రుబెల్లా టీకా పడిందో లేదో చూసుకోవడం వల్ల కలిగే మేలు ఏ ప్యూరిఫయర్ వల్లా రాదు. మూర్ఛ మందు లాంటివి డాక్టర్‌ను అడగకుండా ఆపేయడం మాత్రం ప్రమాదం.

గాలి విషయంలో ఆడవాళ్ళ చేతిలో, ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్నది ప్రధానంగా ఇంటి లోపలి పొగ. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకపోవడం అన్నిటికంటే ముందుంటుంది. దానికి డబ్బు ఖర్చు లేదు, ఆ బాధ్యత ఎక్కువగా భర్తది, ఇంట్లోని మగవాళ్ళది. కట్టెలు, బొగ్గు వాడే ఇంట్లో పొయ్యి మార్చగలిగితే మంచిది. వీలు కాకపోతే పొగ బయటకు పోయే దారి పెట్టాలి, లేదంటే గర్భిణి బదులు వేరేవాళ్ళు వంట చేయాలి. కాలుష్యం బాగా పెరిగిన రోజు బయట పని ఉంటే ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్క్ కణాలను ఆపుతుంది. గుడ్డ మాస్క్ అంతగా ఆపదు. వాయువులను రెండూ ఆపవు. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ గదిలో కణాలను తగ్గిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గించదు. కాబట్టి మూసిన గదిలో కుంపటి పెట్టుకుని ప్యూరిఫయర్ ఉంది కదా అనుకోవడం ప్రాణాపాయం.

ఇవన్నీ చేసినా బయటి గాలి బయటి గాలే. రోడ్డు పక్కన ఇల్లు ఉన్నావిడకు ఇల్లు మారమని చెప్పడం సలహా అనిపించుకోదు. బిడ్డకు గుండె లోపం ఉందని తెలిసిన తల్లి "ఆ రోజుల్లో బయటికి వెళ్ళకుండా ఉండాల్సింది" అని తనను తాను తిట్టుకుంటే, ఆమెకు డాక్టర్ స్పష్టంగా చెప్పాలి: ఒక బిడ్డ విషయంలో ఇదే కారణమని ఎవరూ తేల్చలేరు, ఆమె చేసిన తప్పు ఏమీ లేదు.

లోపం ఉందో లేదో 18 నుంచి 22 వారాల మధ్య స్కాన్‌లో చాలావరకు తెలుస్తుంది. అనుమానం ఉంటే పిండం గుండెకు ప్రత్యేకంగా ఎకో తీస్తారు. పుట్టాక కుడి చేతికి, పాదానికి సెన్సర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న పరీక్ష, బయటికి కనిపించని తీవ్రమైన లోపాలను కొన్నిటిని పట్టిస్తుంది. బీపీ విషయంలో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 3 ఏళ్ళ నుంచి ఏటా ఒకసారి చూడమంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు అంతకంటే ముందే మొదలుపెట్టమంటుంది. పిల్లల డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు కాన్పు ఎన్నో వారంలో అయింది, బిడ్డ బరువు ఎంత అన్న కాగితం వెంట తీసుకెళ్ళండి. బీపీ చూసేటప్పుడు చిన్న పిల్లలకు తగ్గ సైజు పట్టీ వాడుతున్నారో లేదో అడగండి. పట్టీ మరీ చిన్నదైతే బీపీ లేని బిడ్డకు ఉన్నట్టు, మరీ పెద్దదైతే ఉన్న బిడ్డకు లేనట్టు చూపిస్తుంది. వచ్చిన అంకెను పెద్దవాళ్ళ 120/80తో పోల్చకూడదు. చిన్న పిల్లలకు వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి వేరే పట్టిక ఉంటుంది.